ఆలు లేదు, చూలు లేదు, పేరు మాత్రం ఆల్టర్‌మాగ్నెట్

ఈసారి ఉత్తరం ఏడు పేజీలు, వెంట మూడు గ్రాఫులు. పేరు, చోటు బయటపెట్టొద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం క్లుప్తంగా చెబుతాను.

రాసినవారు భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ నాలుగో ఏట ఉన్నారు. అతివాహకత (సూపర్‌కండక్టివిటీ, అంటే బాగా చల్లబడ్డాక కరెంటు నిరోధం లేకుండా పారడం) పక్కనే వింత రకం అయస్కాంతం ఉంటే ఏం జరుగుతుందన్నది వారి అంశం. రుథీనియం డయాక్సైడ్ పలుచని ఫిల్ము మీద రెండు నియోబియం ఎలక్ట్రోడ్లు వేసి, మధ్య సన్నని సందు వదులుతారు. బాగా చల్లబరిస్తే నియోబియం సూపర్‌కండక్టర్ అవుతుంది. అప్పుడు ఒక ఎలక్ట్రోడ్ నుంచి రెండోదానికి, సందు కిందున్న ఆక్సైడ్ గుండా, నిరోధం లేకుండా ఎంత కరెంటు పోగలదో కొలుస్తారు. సందు వెడల్పయ్యేకొద్దీ ఆ కరెంటు తగ్గుతూ పోవాలి. వీరి డివైజుల్లో తగ్గుతూ వచ్చి 90 నానోమీటర్ల దగ్గర దాదాపు సున్నా అయింది, 110 దగ్గర మళ్లీ లేచింది. కొలతలన్నీ 1.5 కెల్విన్ దగ్గర.

ఆ గ్రాఫు చూసి గైడ్ గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవట. ఇది ఆల్టర్‌మాగ్నెట్ (బయటికి అయస్కాంతత్వం కనబడని కొత్త రకం అయస్కాంతం) సంతకమే అని ఆ రాత్రే వ్యాసానికి శీర్షిక పెట్టారు, సదస్సుకు సారాంశం పంపారు. నెల తిరక్కుండా, ఉత్తరం రాసినవారికి 2024లో వచ్చిన మ్యూయాన్ ప్రయోగాల (మ్యూయాన్ అనే కణాలను పదార్థంలోకి పంపి లోపలి అయస్కాంతత్వాన్ని చూసేవి) వ్యాసాలు కంటబడ్డాయి. రుథీనియం డయాక్సైడ్‌లో అసలు అయస్కాంత క్రమమే కనబడలేదని వాటి సారం. గైడ్‌కు చూపిస్తే, "వాళ్లు కొలిచింది పెద్ద స్ఫటికాల్లో. మనది ఫిల్ము" అని కొట్టిపారేశారు. "వ్యాసంలో మొదటి పేరు నాది. సంతకం పెట్టాలా, ఎదురు తిరగాలా, పదార్థం మార్చుకోవాలా? మూడేళ్లు నీళ్లలో పోసినట్టేనా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అని అడుగుతున్నారు. చివరి పేజీ అడుగున ఒక వాక్యం: "90 దగ్గర ఐదు డివైజులు చేశాం, రెండింటిలో ఆ పల్లం రాలేదు, కాంటాక్టులు బాగోలేవని పక్కన పెట్టాం."

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఏడు పేజీలు గైడ్ గురించీ మ్యూయాన్ల గురించీ రాశారు గానీ మీ నిద్ర పాడుచేస్తున్నది ఆ చివరి వాక్యమేమోనని నా అనుమానం. దాని దగ్గరికి వస్తాను. ముందు మిగతా పాఠకుల కోసం నాలుగు ముక్కలు. మీకు తెలిసినవే, ఓపిక పట్టండి.

సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జంటలు కట్టి నడుస్తాయి. మామూలుగా జంటలో ఒకదాని స్పిన్ (ఎలక్ట్రాన్‌ను బుల్లి అయస్కాంతంలా చేసే గుణం) పైకి, రెండోదానిది కిందికి. ఫెర్రోమాగ్నెట్ (ఇనుము లాంటి మామూలు అయస్కాంతం) అందరినీ ఒకే వైపు తిరగమంటుంది. ఈ రెంటికీ పొసగదని సోవియట్ భౌతికశాస్త్రవేత్త గింజ్‌బర్గ్ 1950లలోనే లెక్కగట్టారు. 1977లో ఎర్బియం రోడియం బోరైడ్ అనే పదార్థం దాన్ని కళ్లకు కట్టింది. అది 8.7 కెల్విన్ దగ్గర అతివాహకమవుతుంది, ఇంకా చల్లబరిస్తే 0.9 కెల్విన్ దగ్గర అయస్కాంతత్వం మొదలై అతివాహకత మాయమవుతుంది. చల్లబరిస్తే పోయే అతివాహకత! అయినా ఆ వైరం శాశ్వతం కాలేదు. 2000లో యురేనియం, జెర్మేనియం కలిసిన ఒక లోహం ఒత్తిడి కింద ఫెర్రోమాగ్నెట్‌గా ఉంటూనే అతివాహకమైంది.

మీ గ్రాఫుకు దగ్గరి చుట్టం ఇంకొకటుంది. పైన చెప్పిన ఎలక్ట్రాన్ల జంట (కూపర్ జంట అంటారు) ఫెర్రోమాగ్నెట్‌లోకి అడుగుపెడితే, రెండు స్పిన్‌ల శక్తుల్లో తేడా వల్ల దాని తరంగం ఊగుతూ పోతుంది. కొంత దూరానికి ప్లస్ గుర్తు మైనస్ అవుతుంది. మారే చోట కరెంటు సున్నాకు పడి మళ్లీ లేస్తుంది. బుజ్‌దిన్ తదితరులు 1982లో లెక్కలో చూపించారు, ర్యజానోవ్ బృందం 2001లో రాగి, నికెల్ మిశ్రమంతో ప్రయోగంలో చూపించింది. ఇక ఆల్టర్‌మాగ్నెట్ అన్న పేరు 2022లో ష్మెయ్‌కల్, సినోవా, యుంగ్‌వర్త్‌ల వ్యాసాలతో స్థిరపడింది. బయటికి చూస్తే మొత్తం అయస్కాంతత్వం సున్నా. లోపల మాత్రం ఎలక్ట్రాన్ వెళ్లే దిశను బట్టి రెండు స్పిన్‌ల శక్తులు విడిపోతాయి. రుథీనియం డయాక్సైడ్ లాంటి రకంలో, తేడా గరిష్ఠంగా ఉన్న దిశ నుంచి 90 డిగ్రీలు తిరిగితే ఆ తేడా తలకిందులవుతుంది, మధ్యలో 45 దగ్గర తేడానే ఉండదు. అయస్కాంతత్వం సున్నా అయినా దీని గుండా పోయే అతివాహక కరెంటు కూడా ఫెర్రోమాగ్నెట్‌లో లాగే గుర్తు మార్చుకోగలదని 2023లో నార్వే సిద్ధాంతకర్తలు చెప్పారు. మీ గైడ్ గారి గంతుకు మూలం అదే. ఆయన్ను తప్పుపట్టను. ఆ గ్రాఫు చూస్తే నేనూ ఒక నిమిషం కుర్చీలో ముందుకు జరిగాను.

రెండో నిమిషంలో పెన్సిలు తీసుకున్నాను. మీరూ తీసుకోండి.

రుథీనియం డయాక్సైడ్ ఆల్టర్‌మాగ్నెట్ అని చెప్పిన లెక్కలే అందులో స్పిన్‌ల మధ్య శక్తి తేడా ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ (చిన్న కణాల శక్తికి కొలమానం) దాకా ఉంటుందన్నాయి. ఆ పదార్థం అంత పేరు తెచ్చుకున్నది అందుకే. ఎలక్ట్రాన్ వేగం సెకనుకు 5 లక్షల మీటర్లనుకోండి. అంత తేడా ఉంటే జంట గుర్తు సుమారు ప్రతి నానోమీటరుకూ తిరగబడాలి. మీరు సందును 20 నానోమీటర్ల చొప్పున పెంచుతూ పోయారు, పల్లం ఒక్కటే, అదీ 90 దగ్గర. ఆ పల్లం నిజంగా స్పిన్ తేడా వల్లే అయితే ఆ తేడా కొద్ది మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి. అంటే లెక్కలు చెప్పినదాంట్లో నూరో వంతు కూడా లేదు. ర్యజానోవ్ బృందం బలహీనమైన అయస్కాంతాన్ని ఏరికోరి ఎంచుకున్నది ఈ దూరం సాగదీయడానికే. కాబట్టి మీ గ్రాఫు "ఇది ప్రసిద్ధికెక్కిన ఆ ఆల్టర్‌మాగ్నెట్ సంతకం" అని చెప్పలేదు. చెబితే చాలా బలహీనమైన అయస్కాంతత్వం ఏదో ఉందని చెబుతుంది, లేదా అయస్కాంతానికి సంబంధం లేని ఇంకేదో. చేతి లెక్క కాబట్టి అటూ ఇటూ కొంత పోనివ్వండి, నూరు రెట్లు మాత్రం ఎటూ పోదు.

విచిత్రం చూడండి, మీరు మ్యూయాన్ వ్యాసం పట్టుకుని వెళ్లారు. అది ఎవరో ఎక్కడో వేరే శాంపిల్ మీద చేసిన పని. దాన్ని "మనది ఫిల్ము" అన్న ఒక్క మాటతో తోసేయొచ్చు. నిజానికి ఆ 2024 వ్యాసాల్లో ఒకటి ఫిల్ములను కూడా కొలిచి క్రమం కనబడలేదనే చెప్పింది, కాబట్టి ఆ మాట పూర్తిగా నిలవదు. అయినా రుథీనియం పరమాణువులు కొన్ని లోపిస్తే అయస్కాంతత్వం పుట్టే వీలుందని లెక్కలున్నాయి, ఫిల్ముల మీద వాదన పూర్తిగా ముగియలేదు. పై లెక్క అలా కాదు, మీ సొంత గ్రాఫులోంచి వచ్చింది. దాన్ని ఎవరూ పక్క శాంపిల్ మీదికి నెట్టలేరు.

మరి ఆ పల్లం ఏమిటి? మూడు అనుమానాలు నాకు వెంటనే తోస్తున్నాయి.

మీ ఫిల్ము టైటానియం డయాక్సైడ్ మీద, 110 ముఖం మీద (ఇది నానోమీటర్లు కాదు, స్ఫటికాన్ని ఏ దిశలో కోశారో చెప్పే గుర్తు) పెంచారని ఒక గ్రాఫు మూలన చిన్న అక్షరాల్లో ఉంది. ఆ ముఖం మీద పెంచిన రుథీనియం డయాక్సైడ్ అడుగు స్ఫటికం పెట్టే బిగువుకు తనే సుమారు 2 కెల్విన్ దిగువన అతివాహకమవుతుందని 2020 నుంచి వ్యాసాలొచ్చాయి. మీరు కొలిచింది 1.5 దగ్గర! ఫిల్ము కొన్నిచోట్ల బిగువుగా, కొన్నిచోట్ల సడలి ఉంటే, కొన్ని డివైజుల కింద అతివాహక మచ్చలుంటాయి, కొన్నింటి కింద ఉండవు. 90 దగ్గర మచ్చ లేక, 110 దగ్గర మచ్చ ఉండి ఇలాంటి పల్లం రావచ్చు. ఐదింటిలో రెండు వేరుగా రావడం కూడా దీనికి సరిపోతుంది. తేల్చడం తేలికే: అవే డివైజులు 3 కెల్విన్ దగ్గర మళ్లీ కొలవండి. నియోబియం 9.2 దాకా నిలబడుతుంది, ఇబ్బంది లేదు. కరెంటు చిన్నదవుతుంది. పల్లం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

రెండోది నియోబియం ఆక్సిజన్ దాహం. ఏ ఆక్సైడ్ మీద వేసినా దాన్ని పీల్చేస్తుంది, అంచులో తనే ఆక్సైడ్ అవుతుంది. ఆ అంచు ఒక్కో డివైజులో ఒక్కోలా ఉంటుంది. ఇక మూడోది చిల్లర సమస్యే గానీ చాలామందిని ముంచింది. చల్లబరిచేటప్పుడు భూమి అయస్కాంత క్షేత్రం చాలు, నియోబియంలో అయస్కాంత క్షేత్రపు సుడులు ఇరుక్కుని కరెంటును తగ్గించి చూపిస్తాయి. 10 కెల్విన్ పైకి వేడి చేసి మళ్లీ చల్లబరచడం ఓ ఐదారుసార్లు చేసి చూడండి. ప్రతిసారీ అంకె మారితే సుడులే.

ఇప్పుడు ఆ రెండు డివైజులు. కాంటాక్టులు బాగోలేవన్నారు. ఆ మాట ఎప్పుడు అనుకున్నారు, పల్లం చూడకముందా, చూశాకా? మీ జవాబు నాకు రాయక్కర్లేదు. ముందే, అందరికీ ఒకే కొలబద్ద పెట్టి, కాంటాక్టు నిరోధం ఇంత దాటితే తీసేస్తామని రాసుకుని ఉంటే ఏ తప్పూ లేదు. చూశాక అనుకుని ఉంటే, మిగతా సందుల దగ్గరి డివైజుల్లోనూ అలాంటి చెడ్డ కాంటాక్టులు ఉండే ఉంటాయి, వాటిని ఉంచేసి ఉంటారు. దీన్ని మోసం అనను. అలసిన మనిషి, సంబరంలో ఉన్న గైడ్, రాత్రి రెండు గంటలు, ఇలాగే జరుగుతుంది. కానీ మ్యూయాన్ వ్యాసం వల్ల మీ శీర్షిక తప్పైతే అది విజ్ఞానంలో మామూలు తప్పు, రేపు ఎవరో దిద్దుతారు. ఆ రెండు చుక్కలు చెప్పకుండా తీసేస్తే అది మీ తప్పు, దిద్దేవాళ్లకు దారి కూడా ఉండదు. మీరు ఏ దారి పట్టినా సరే, ఆ చుక్కలు గ్రాఫులోకి తిరిగి రావాలి. ఈ ఉత్తరం మొత్తంలో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. మిగతావన్నీ మీ ఇష్టం.

దారులు చూద్దాం.

సంతకం పెట్టేసి ముందుకు పోవడం ఒకటి. సదస్సులో చప్పట్లు పడొచ్చు. పత్రికకు పంపితే ఈ రోజుల్లో రెఫరీ (వ్యాసాన్ని పరిశీలించే నిపుణుడు) మొదటి ప్రశ్నే మ్యూయాన్లు, రెండోది నేను పైన వేసిన లెక్క. అచ్చయినా, తరవాత ఉద్యోగానికి వెళ్లిన ప్రతిచోటా మొదటి స్లయిడ్ ఇదే అవుతుంది, మీకు నమ్మకం లేని వాక్యాన్ని నమ్మకంగా చెప్పాల్సి వస్తుంది. కొందరు చెప్పగలరు. మీ ఉత్తరం చూస్తే మీరు ఆ రకం అనిపించలేదు.

ఆల్టర్‌మాగ్నెట్ అన్న మాట శీర్షికలోంచి తీసి, కొలిచింది కొలిచినట్టు రాయడం ఇంకొకటి. రుథీనియం డయాక్సైడ్ గుండా వంద నానోమీటర్ల దూరం అతివాహక కరెంటు పోయింది, సందును బట్టి ఇలా మారింది, కారణాలు ఇవి కావచ్చు. మొదట అనుకున్న పెద్ద పత్రికలో రాకపోవచ్చు, గైడ్ గారి మొహం వాడిపోతుంది. అయితే అందులో ఒక్క వాక్యం కూడా రేపు వెనక్కి తీసుకోనక్కర్లేదు. థీసిస్‌లో అధ్యాయంగా భద్రంగా కూర్చుంటుంది.

మూడో దారి నాకు మహా ఇష్టం, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను, పక్షపాతం అనుకోండి. ఫిల్మును 001 ముఖం మీద పెంచండి. అక్కడ ఫిల్ము తలంలో అన్ని వైపులా సాగుదల ఒకటే. మామూలు నిరోధం కూడా ఏ దిశలో చూసినా ఒకటే, చదరపు సౌష్ఠవం పుణ్యమా అని. ఆల్టర్‌మాగ్నెట్ సిద్ధాంతానికి మాత్రం ఆ తలంలో స్ఫటికం అక్షం దిశలో స్పిన్ తేడా సున్నా, దానికి 45 డిగ్రీల్లో గరిష్ఠం. ఒకే ఫిల్ము మీద, ఒకే రోజు, కొన్ని సందులు అక్షం వెంబడి, కొన్ని 45 డిగ్రీలు తిప్పి కోయండి. రెండు వరసల్లోనూ పల్లం ఒకేచోట వస్తే ఆల్టర్‌మాగ్నెట్ కథ ముగిసినట్టే. 45 వరసలోనే వచ్చి అక్షం వరసలో రాకపోతే మ్యూయాన్లు ఏమన్నా సరే మీ ఫిల్ములో ఏదో ఉంది, లోకం మీ మాట వినాలి. తోడుగా అదే స్ఫటిక నిర్మాణం ఉన్న ఇరిడియం డయాక్సైడ్ ఫిల్ము మీద ఓ పది డివైజులు చేయండి. అది అయస్కాంతం కాదు. అందులోనూ పల్లం వస్తే అయస్కాంతాల ఊసే ఎత్తక్కర్లేదు. నష్టం ఏమిటంటే సమయం. ఫిల్ములు కుదురుకోవడానికి, లితోగ్రఫీకి (ఫిల్ము మీద డివైజు నమూనా గీయడం), క్రయోస్టాట్ (చల్లబరిచే యంత్రం) వంతుకు ఆరు నెలలు సులువుగా పోతాయి. ఈలోగా ఇంకొకరు ముందే ప్రకటించవచ్చు. ఫలితం "ఏమీ లేదు" అని కూడా రావచ్చు. ఆ "ఏమీ లేదు" ఇప్పుడు ఈ రంగంలో బాగా అవసరమైన ఫలితం అని నా అభిప్రాయం, కానీ నేను ఉద్యోగాలిచ్చే కమిటీలో లేను.

పదార్థం మార్చడం గురించి అడిగారు. మాంగనీస్ టెల్యురైడ్, క్రోమియం యాంటిమొనైడ్ రెండూ ఆల్టర్‌మాగ్నెట్లేనని గట్టి ఆధారాలున్నాయి. దూరపు కొండలు నునుపు. మొదటిది సెమీకండక్టర్, దాని గుండా అతివాహక కరెంటు వంద నానోమీటర్లు పంపడం మాటలు కాదు. రెండోది లోహమే, అయస్కాంతత్వం 700 కెల్విన్ దాకా నిలుస్తుంది, కానీ ఈ రెంటిలోనూ స్పిన్ తేడా ఆకారం వేరు. స్ఫటికపు షడ్భుజి తలంలో ప్రయాణించే ఎలక్ట్రాన్లకు తేడానే ఉండదు. మామూలుగా పెరిగే ఫిల్ములో మీ పక్కపక్క ఎలక్ట్రోడ్లు పెడితే కరెంటు సరిగ్గా ఆ తేడా లేని దిశలోనే పోతుంది. వాలుగా పెంచిన ఫిల్ము కావాలి. నాలుగో ఏట అది మొదలుపెడితే ఐదో ఏడు ఫిల్ము పెంచడంతోనే సరి. జూనియర్ ఎవరైనా దీన్ని ఎత్తుకుంటే మీరు సాయం చేయడం వేరు సంగతి.

గైడ్ గారితో మాట్లాడటం ఎలా? ఇప్పటిదాకా మీరు "ఇది అయస్కాంతం కాదట సార్" అని వెళ్లారు. వినేవారికి అది "మీరు మోసపోయారు సార్" అని వినిపించి ఉంటుంది. ఈసారి 45 డిగ్రీల బొమ్మ గీసుకుని వెళ్లండి. "రెఫరీ అడిగేలోపు మనమే ఇది చేసి పెట్టుకుందాం" అనండి. ఆయన చెప్పింది నిజమైతే దాన్ని నిరూపించే ప్రయోగం కూడా అదే కాబట్టి కాదనడానికి ఆయనకు కారణం ఉండదు. ఒక్క నానోమీటరు లెక్కను బోర్డు మీద ఆయన చేతే వేయించగలిగితే ఇంకా మంచిది. ఆ రెండు డివైజుల సంగతి అదే రోజు, అదే గదిలో చెప్పండి. వాయిదా వేస్తే మీ నోరు రాదు.

అప్పటికీ శీర్షిక మార్చనంటే? డేటా మొత్తం, తీసేసిన వాటితో సహా, అనుబంధంలో పెట్టాలని మీరు పట్టుబట్టవచ్చు. ఇది గొడవ పెట్టుకోకుండానే సాధ్యం, చాలా పత్రికలు ఇప్పుడు అడుగుతున్నాయి కూడా. థీసిస్ కమిటీలో ఇంకొకరిని సలహా అడగవచ్చు, కానీ గైడ్‌కు ముందు చెప్పి అడగండి, వెనకాల వెళ్తే నమ్మకం పోతుంది. వ్యాసంలోంచి పేరు తీసేయమనడం ఆఖరి మెట్టు. దాని ఖరీదు మీకు తెలుసు: సిఫారసు లేఖ, మిగిలిన ఏడాది మౌనం. డేటా దాచి అచ్చు వేస్తామంటే ఆ ఖరీదు కట్టొచ్చు. శీర్షిక కాస్త ఎగిరిపడుతోందన్న మాత్రానికి అక్కర్లేదు. చాలా మంచి వ్యాసాల శీర్షికలు ఎగిరిపడ్డవే.

మూడేళ్లు నీళ్లలో పోయాయా అన్నారు. రుథీనియంకు మనుషులతో ఆడుకునే అలవాటు ఉన్నట్టుంది. స్ట్రాన్షియం రుథినేట్ అతివాహకమని 1994లో తేలింది. అందులో జంటల స్పిన్‌లు ఒకే వైపు తిరిగి ఉంటాయని 1998లో ఒక ఎన్ఎంఆర్ (రేడియో పల్సులతో పదార్థం లోపలి అయస్కాంతత్వాన్ని చూసే పద్ధతి) కొలత చెప్పింది. ఇరవయ్యేళ్లు పాఠాలు, సమీక్షలు, ఎన్నో థీసిస్‌లు దాని మీదే నడిచాయి. 2019లో ఇంకో బృందం అదే కొలత చేసి, రేడియో పల్సులు శాంపిల్‌ను క్షణకాలం వేడెక్కించాయనీ, బలం తగ్గిస్తే ఫలితం తారుమారైందనీ చూపింది. ఆ తరవాతి ఏడు, 1998లో కొలిచిన ఇషిదా బృందమే మళ్లీ కొలిచి, అవును, వేడెక్కడమే, అని అచ్చు వేసింది. ఆ ఇరవయ్యేళ్లలో పెరిగిన స్ఫటికాలు, నేర్చిన కొలతలు ఎక్కడికీ పోలేదు. కొత్త ఫలితం వాటి మీదే నిలబడింది. మీరు పెంచిన ఫిల్ము, ఇంత సన్నని సందు తెగకుండా కోసే మీ చెయ్యి అలాంటివే. అవి పల్లం ఉన్నా లేకున్నా మీవే.

రేపు ఉదయం చేయడానికి ఒక చిన్న పని. పక్కన పెట్టిన ఆ రెండు డివైజులు ఇంకా డబ్బాలో ఉంటే పారేయకండి. మొదటి 3 కెల్విన్ కొలత వాటి మీదే చేయండి.